తిట్టునకు తావును వేళయు

రాష్ట్రేతరాంధ్రుల భాషను గూర్చి సంచికలకు వ్యాసములు వ్రాయువారు సామాన్యముగా పదమును, పాటను, సామెతను, పొడుపుకథను గ్రహింతురు. తిట్టును గ్రహింపరు. అది సభ్యత కాదని వారి తలపు. కాని భాష తన పుట్టినింటికి దూరమై, పరభాషల నడుమ మూడు నాలుగు తరములు గడపిన పిదప ఇంటిలో ఏమి మిగిలినదని పరిశీలించి చూచినచో, జోలపాటయు తిట్టును తుదివఱకు నిలుచునట్లు కానవచ్చును. తమిళనాడున కృష్ణగిరి జిల్లాలోని మా హోసూరు ప్రాంతమున తెలుగు మాటలాడుచు తెలుగక్షరములు వ్రాయనేరని యువకులు ఎందఱో కలరు. తెలుగున తిట్టనేరనివాడు మాత్రము నాకింతవఱకు తటస్థపడలేదు. కావున తెలుగుపంతులు తిట్టును విననట్లు నటించుట తగదు. ఏ తిట్టు ఎవరికి, ఎచ్చట, ఎప్పుడు చెల్లునని మన పెద్దలు భావించిరో, వానిలో నేడు చెల్లనివి యేవో ఇందు వివరింప యత్నించెదను. పచ్చి బూతుమాటలను అచ్చువేయుట యీ సంచికకు తగదు. అవి లేకయే విషయము తెలియును.

మొదట మాటలను వేఱుపఱచుకొందము. తిట్టు, బూతు, శాపనార్థము, దెప్పు, ఎత్తిపొడుపు – ఇవి యన్నియు ఒకటి కావు. ‘తిట్టు’ మనకును తమిళులకును ఉమ్మడి మాట. కన్నడిగులు దానిని ‘బైగుళ’ అందురు. తిట్టు ఎదుటివానిపై పడునది. బూతు శరీరమును, స్త్రీపురుష సంగమమును గూర్చిన మోటుమాట; అది యెవరిపైనను పడనక్కఱలేదు. సరివయసువారు తమలో తాము నవ్వుకొనుటకు చెప్పుకొను బూతు తిట్టు కాదు. ‘నీ కొంప కూల’ అనునది తిట్టే కాని బూతు కాదు. శాపనార్థము కీడు కోరుట. దెప్పు చేసిన మేలునో, జరిగిన తప్పునో మరల మరల తవ్వి చూపుట. ఎత్తిపొడుపు పొగడ్తవలె వినబడి లోన గ్రుచ్చుకొనునది. నేటి చర్చలలో ఈ భేదములు మఱచి, అన్నిటిని ‘అసభ్యపదజాలము’ అను నొక గోనెసంచిలో కుక్కుచున్నారు. అందువలన చెవికి మోటైన మాట పెద్ద నేరముగను, చెవికి మెత్తనైన క్రూరపు మాట నిరపరాధముగను తోచుచున్నవి. ఈ వ్యాసమునకు మూలమైన చిక్కు ఇదియే.

తిట్లు తినుటకు తెలుగువారు పెట్టుకొన్న పేర్లు చూడుడు. ‘అక్షింతలు పడినవి’, ‘సుప్రభాతము పాడినారు’, ‘అష్టోత్తరము చదివినారు’, ‘సహస్రనామార్చన జరిగినది’, ‘మంగళహారతులు ఇచ్చినారు’ – అన్నియు దేవతార్చనకు చెందిన మాటలే. ఇవి గాక ‘తలంటు’, ‘దులుపుట’, ‘కడిగివేయుట’, ‘ఉతికి ఆరవేయుట’ అనునవి స్నానమునకును శుభ్రమునకును చెందినవి. పిల్లవానికి తలంటి పోయునపుడు వాడు ఏడ్చును. ఏడ్చినను మురికి వదలును. తిట్టునకు ఇట్టి పేర్లు పెట్టుకొన్న జాతి దానిని కేవలము పాపముగా తలపలేదని స్పష్టము. మోతాదు గల తిట్టును మనవారు పెంపకములో నొక భాగముగనే చూచిరి.

శాపనార్థములు ఇంటింటివి. ‘నీ పాడె కట్ట’, ‘నీ పిండము పెట్ట’, ‘నీ నోట మన్ను పడ’, ‘నీ దుంప తెగ’, ‘నీ వంశము నిర్వంశము గాను’ – ఇవి చాలవఱకు చావునకును, చావు వెనుక జరుగు కర్మలకును చెందినవి. బ్రాహ్మణగృహములలో శ్రాద్ధము, తద్దినము అను మాటలు ఈ పనికే వచ్చును. ఉత్తరాంధ్రమున ‘నీ జిమ్మడ’ అందురు. వీనిలో నాకు మిక్కిలి ప్రియమైనది ‘నీ యిల్లు బంగారము గాను’ అనునది. కోపము వచ్చి నాలుక శాపమునకు బయలుదేరును. నడుమ మనసు అడ్డుపడును. శాపము కాస్త ఆశీర్వచనమై బయటపడును. అయినను విన్నవానికి తాను తిట్లు తింటినని తెలియును. మాట వరము, స్వరము శాపము. ఇంత నేర్పు గల తిట్టు పొరుగుభాషలలో నాకు దొరకలేదు.

తల్లి బిడ్డను ‘చచ్చినవాడా’ అని పిలుచుటలో మఱియొక రహస్యము కలదు. పుట్టిన బిడ్డలు దక్కకపోవుచున్న యిండ్లలో తరువాతి బిడ్డకు పెంటయ్య, పుల్లయ్య, పిచ్చయ్య అను పేర్లు పెట్టుట మనలో పూర్వాచారము. పెంటకుప్పపై పొర్లించి, విస్తరాకులో పెట్టి, పనికిమాలిన వస్తువని చాటినచో మృత్యువు వానివంక చూడదని నమ్మకము. ముద్దుతిట్టు కూడ ఈ జాతిదే. దిష్టి తగులకుండ బుగ్గపై చుక్క పెట్టినట్లు, పేరునకు ముందొక తిట్టు పెట్టుదురు. అదే మాట వీధిలో పోవు పరాయివాడు అనినచో తల్లి కొంగు బిగించి వీధిలోనికి వచ్చును. మాట మాఱలేదు, అనినవాడు మాఱినాడు. తిట్టునకు అర్థము నిఘంటువులో సగమే యుండును. తక్కిన సగము ఇరువురి నడుమనున్న వరుసలో నుండును.

వరుస యనగా గుర్తునకు వచ్చుచున్నది. ‘నీ యమ్మ’, ‘నీ యక్క’, ‘నీ యబ్బ’, ‘నీ యవ్వ’ అను తిట్లలో క్రియాపదముండదు. చుట్టమును పేర్కొని, చేయవలసిన పనిని మింగివేయుదురు. వ్యాకరణమున దీనిని అధ్యాహారమందుము. రాయలసీమలోను, దాని నానుకొనిన మా ప్రాంతములోను ఈ అసంపూర్ణవాక్యము తిట్టు కాక ఆశ్చర్యార్థకము కూడ అయినది. ‘వీని యబ్బ, ఏమి పాడినాడు!’ అని మెచ్చుకొందురు. కొత్తగా వచ్చిన గోదావరి సీమవారు ఇది విని ఉలికిపడుదురు. వారు తిట్టునపుడు కూడ ‘అండి’ వదలరు గదా! యానాము వారి పలుకు గోదావరి పలుకే కనుక వారికిని ఈ మర్యాద కలదు. అయినను ‘అండి’ చేర్చిన ఎత్తిపొడుపు చేర్చని తిట్టుకంటె లోతుగా దిగునని అచ్చటివారే ఒప్పుకొందురు.

ఇక తావును, వేళను గూర్చి. బూతును మన పెద్దలు నిషేధింపలేదు, కట్టలు కట్టిరి. పెండ్లిలో వియ్యాలవారి పాటలు ఇందుకు మొదటి సాక్ష్యము. వియ్యంకుని పిసినారితనమును, వియ్యపురాలి నడవడిని, పెండ్లికొడుకు చెల్లెండ్ర చేష్టలను ఎత్తి ఒక పక్షపు ఆడువారు పాడుదురు. రెండవ పక్షము వారు ఊరకుండరు, అంతకు మించిన పాట ఎత్తుకొందురు. పాటలోని నింద నిజమని యెవరును పట్టుకొనరు. కొత్తగా కలిసిన రెండు కుటుంబముల నడుమనున్న బిగువు ఈ తిట్లతో సడలును. బావమఱదులు, బావామరదండ్రు, తాతామనుమలు – వీరి నడుమ మోటుహాస్యము చెల్లును; మామయల్లుర నడుమ చెల్లదు. ఇట్టి వరుసలు లోకమున పెక్కు జాతులలో కలవని ఆంగ్ల మానవశాస్త్రజ్ఞుడు రాడ్‌క్లిఫ్ బ్రౌను 1940లో ‘హాస్యసంబంధము’లను పేర ఒక వ్యాసము వ్రాసి నిరూపించెను. మన అవ్వలకు ఆ వ్యాసముతో పనిలేకయే ఎవరితో ఎంతవఱకు పోవచ్చునో తెలిసియుండెను.

రెండవ సాక్ష్యము జాతర. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర మే నెలలో వచ్చును. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి మున్నగు వేషములను భక్తులు దినమునకొకటి చొప్పున ధరింతురు. స్త్రీలను చెఱచుచుండిన పాలెగాడు గంగమ్మకు వెఱచి దాగికొనగా, వానిని వెలికి రప్పించుటకై ఆమె దినమునకొక వేషమున వెదకెననియు, తుదకు దొరవేషము చూచి మోసపోయి వాడు బయటికి రాగా సంహరించెననియు కథ. వేషము వేసినవారు ఆ దినములలో వీధులవెంట బూతులు తిట్టుట అచ్చట సంప్రదాయము. తక్కిన దినములలో అట్లు తిట్టినచో దెబ్బలు తినును. జాతరలో తిట్టినచో మ్రొక్కు తీరును. తిట్టించుకొనినవారు కూడ పుణ్యమనుకొందురు. మహారాష్ట్రమున హోళికి ‘శిమగా’ అని పేరు. ఆ దినమున నోటికి వచ్చినట్లు అఱచుట, తిట్టుట అక్కడి వాడుక. షోలాపురపు పద్మశాలీలకును, ముంబయిలోని మనవారికిని అది తెలిసిన పండుగయే. వేషము, పండుగదినము, తిట్టించుకొనువానికి సమ్మతి – ఈ మూడును బూతునకు కట్టిన గట్లు. పండుగ గడచిన మఱునాడు నోరు మరల మామూలగును.

తోలుబొమ్మలాటలో గట్టు మఱియొక విధముగ నుండును. రామాయణకథ నడుచుచుండ నడుమ జుట్టుపోలిగాడును, బంగారక్కయు, కేతిగాడును తెరపైకి వచ్చి మోటుమాటలు విసరుకొందురు. రామునిచే ఒక్క తుచ్ఛపదము పలికింపరు. బంగారక్కచే మంచిమాట పలికింపరు. ఇందొక విశేషము కలదు. అనంతపురము వైపున ఈ బొమ్మలాడించు కుటుంబములలో పెక్కింటి ఇంటిభాష మరాఠీ. ఇంట మరాఠీ మాటలాడుచు తెరవెనుక తెలుగున తిట్టి, తెలుగువారిని తరతరములుగా నవ్వించిరి. పరభాషలో పొట్టపోసికొనుట యేమో మనకు తెలియును గాన వారి నేర్పును మనమే యెక్కువగా మెచ్చుకొనవలెను.

కవులు కూడ తిట్టునకు దూరముగా లేరు. వేములవాడ భీమకవి తిట్టిన తగులునని ప్రతీతి. చౌడప్ప తన శతకమున నీతిని, బూతును ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టెను. శ్రీనాథుడు కన్నడదేశమునకు పోయి, అచ్చటి తిండికిని కట్టుబట్టకును వేసరి మొఱపెట్టుకొన్నట్లు చెప్పు చాటువు బెంగుళూరిలోను బళ్లారిలోను స్థిరపడిన మనవారికి సుపరిచితమే. పదునెనిమిదవ శతాబ్దమున కూచిమంచి జగ్గకవి కథ మఱింత సరసము. నీలాద్రిరాజు కోరగా వాని వేశ్య చంద్రరేఖపై పొగడ్తకావ్యము వ్రాసెననియు, బహుమానము లేకపోగా ఆ రాజును ఆమెను కలిపి నిందించుచు ‘చంద్రరేఖావిలాపము’ అను బూతుప్రబంధము వ్రాసెననియు చెప్పుదురు. కాసుల పురుషోత్తమకవి ‘ఆంధ్రనాయకశతకము’న దేవునే వ్యాజనిందతో నిలదీసెను. భద్రాచల రామదాసు చెఱసాలలో నుండి, తాను చేయించిన నగలకు సొమ్మెవరిదని రాముని దెప్పి, పిదప దెబ్బలకోర్వలేక అంటిననుచు మన్నింపుమని వేడుకొనెను. 1965, 1966, 1968 సంవత్సరములలో మూడు సంపుటములు వెలువరించిన దిగంబరకవులు సమాజముపై కోపముతో కావాలనియే అశ్లీలపదములు వాడిరి. వారి మొదటి సంపుటమును ఆవిష్కరించినది హైదరాబాదులోని ఒక రిక్షా కార్మికుడు. ఆ కవిత్వము నచ్చుట నచ్చకపోవుట వేఱు సంగతి. నేను గమనింపగోరునది తిట్టు పోయిన దిక్కు. భీమకవి మొదలు దిగంబరకవుల వఱకు తిట్టు పైకి పోయినది – రాజుపైకి, దేవునిపైకి, పెత్తనము గల సంఘముపైకి. జగ్గకవి కావ్యము మాత్రము ఈ దారినుండి కొంత తప్పినది. డబ్బీయనివాడు రాజు, కావ్యమంతట ఎక్కువ దెబ్బలు తిన్నది జవాబు చెప్పుటకు కలము లేని చంద్రరేఖ. ఆ గ్రంథమునందలి పాండిత్యమును మెచ్చుకొనువారు ఈ యన్యాయమును ఎత్తి చూపుట అరుదు.

క్రిందికి పడు తిట్టు సంగతి యిప్పుడు చూతము. మన బడులలో పంతుళ్ల నోట, ఇండ్లలో తండ్రుల నోట, బూతని యెవరును తలపని మాట ‘వెధవ’. వెధవ పని, వెధవ బుద్ధి, వెధవ జలుబు – జలుబునకు కూడ! ఇది సంస్కృతపు ‘విధవ’ శబ్దమే. మగపిల్లవానిని తిట్టుటకు భర్త పోయిన స్త్రీని తెచ్చుచున్నామని తిట్టువాడెఱుగడు, తిట్లు తినువాడెఱుగడు. ‘ముండ’ అనగా తల గొఱిగించుకొన్నది. ‘బోడి’ అనగను అంతే. ‘బోడి సలహా’, ‘బోడి పెత్తనము’ అను మాటలలో ఒక కాలపు మంగలికత్తి దాగియున్నది. తల గొఱిగించుకొన్న మగవానిని కూడ మనము వదలలేదు. సర్వము త్యజించిన సన్న్యాసి నేడు ‘సన్నాసి’యై దద్దమ్మకు పర్యాయపదమైనాడు. కాని సన్న్యాసి తన యిష్టమున తల గొఱిగించుకొన్నాడు. ఆమె అట్లు కాదు.

మనము ఏ రాష్ట్రమునకు పోయినను ఈ స్త్రీ మనకంటె ముందే అచ్చటి తిట్లలో కూర్చుండియున్నది. కన్నడమున ‘ముండే’, ‘బోళి’. తమిళమున ‘ముండై’, అదియు గాక నేటి తమిళ బాలురు నవ్వుచు వాడు ‘కమ్మనాట్టి’ అను మాటకు మూలము ‘కైంపెండాట్టి’, అనగా వితంతువు. మరాఠీలోను ఒడియాలోను ‘రాండ’. అది సంస్కృతపు ‘రండా’ శబ్దము. హోసూరిలో, బళ్లారిలో, బరంపురమున, షోలాపురమున మన పిల్లలు క్రొత్త భాష నేర్చికొనుచు క్రొత్త తిట్టు దొరికినదని సంతసింతురు. ఆ మాటను విప్పి చూచినచో లోపల నున్నది మన యింటి ముండయే. ద్రావిడభాషలు, ఆర్యభాషలు అని గ్రంథములలో ఎంత వేఱుపఱచినను, విధవను తిట్టుగా చేయుటలో అన్నియు ఒక్కటైనవి.

చట్టము దారి వేఱు, నాలుక దారి వేఱు. వితంతు పునర్వివాహములకు చట్టసమ్మతి 1856లో వచ్చినది. వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించిరి. ఆడుపిల్లకు పదునాలుగేండ్లు నిండనిదే పెండ్లి చేయరాదని శారదా చట్టము 1929లో పుట్టి 1930 ఏప్రిలు నుండి అమలునకు వచ్చెను. యానాము వారికి ఇచ్చట ప్రత్యేకమైన చరిత్ర కలదు. అది ఫ్రెంచివారి యేలుబడిలోనిది కనుక శారదా చట్టము అచ్చట చెల్లలేదు. బ్రిటిషు సీమలోని తెలుగువారు పసిపిల్లలను ఎత్తుకొని పోయి అచ్చట పెండ్లిండ్లు చేసిరి. ఆ కారణమున యానామునకు ‘కల్యాణపురము’ అను పేరు కూడ వచ్చినది. ఆ పందిళ్ల క్రింద తాళి కట్టించుకొన్న పసిబిడ్డలలో కొందఱు ఊహ తెలియకముందే విధవలైరి. తల గొఱుగు ఆచారము పోయినది, మాట పోలేదు. నేడు ఒక తరగతిలో తండ్రి పోయిన పిల్లవాడు ఉండును. వాని తల్లి కూలికి పోయి వానిని చదివించుచుండును. ఉపాధ్యాయుడు ప్రక్క బల్లపై పిల్లవానిని ‘వెధవా’ యని కసరినపుడు ఈ పిల్లవానికి ఆ మాట మూలము తెలియకపోవుటయే వాని యదృష్టము. పదవ తరగతికి వచ్చునప్పటికి వానికి తత్సమతద్భవములు మేమే నేర్పుదుము.

దేవదాసిని గూర్చిన తిట్టుకును ఇదే చరిత్ర. తమిళమున దేవుని సేవకురాలను అర్థము గల మాట నేడు అచ్చువేయరాని తిట్టు. తెలుగున దాని తోబుట్టువు అందఱెఱిగినదే. 1947లో మదరాసు ప్రభుత్వము ఆడుపిల్లలను గుడికి అర్పించుటను నిషేధించినది. ఆచారము ఆగినను తిట్టు ఆగలేదు.

కులము పేరు పెట్టి తిట్టుట అన్నిటికంటె హీనము. ఇందు బూతు ఉండదు, మోటుదనముండదు, వాక్యము కడు మర్యాదగా నుండవచ్చును. కొన్ని కులముల పేర్లను మురికికి, దొంగతనమునకు, తెలివితక్కువకు బదులుగా వాడు సామెతలు మనలో కలవు. సామెత యనిన గౌరవముతో అవి సంకలనములకు కూడ ఎక్కినవి. మా బడిలో సామెతల పోటీ పెట్టినపుడు అట్టివానిని ముందుగనే తీసివేయుదుము. షెడ్యూల్డు కులములకు, తెగలకు చెందినవారిని జనుల యెదుట కులము పేరుతో తిట్టుట 1989 నాటి అత్యాచారముల నిరోధక చట్టము క్రింద నేరము. వికలాంగుని నలుగురి యెదుట కించపఱచుట 2016 నాటి చట్టము క్రింద నేరము. కుంటి, గుడ్డి, చెవిటి అను మాటలు మన తిట్లలో ఎంత సులభముగా వచ్చునో తలచుకొనినచో ఆ చట్టము అవసరము తెలియును. శాంతిభంగము కలుగునట్లు అవమానించుట పూర్వము శిక్షాస్మృతి 504వ సెక్షను క్రింద నుండెడిది. 2024 జులై 1 నుండి అమలైన భారతీయ న్యాయసంహితలో అది 352వది. వియ్యాలవారి పాటలోని బూతుతో పోల్చి చూడుడు. అచ్చట ఎదుటి పక్షమునకు పాట కలదు. ఇచ్చట ఎదుటివాని చేతిలో పోలీసు ఠాణాకు పోవు దారి తప్ప వేఱొకటి లేదు. ఆ దారి కూడ ఎందఱికి తిన్నగా నుండునో మనకు తెలియును. బదులు చెప్ప వీలున్నదా లేదా యనుటయే నా దృష్టిలో ముఖ్యమైన కొలత. సరివాని నడుమ బూతు చెల్లవచ్చును. జవాబు చెప్పలేనివానిపై మెత్తని మాట కూడ చెల్లదు.

సరిహద్దు బడుల కష్టము ఇంకొకటి. మా పిల్లలకు తెలుగు, తమిళము, కన్నడము మూడును చెవిని పడును, పైన ఇంగ్లీషు. తమిళనాడున 2006 నాటి చట్టముతో తమిళము ఒకటవ తరగతి మొదలు తప్పనిసరి భాషయైనది. మాతృభాష ఐచ్ఛికముగ మిగిలినది. అందువలన పిల్లలకు ఇంటి తెలుగు తెలియును, బడి తెలుగు కొంచెము తెలియును. నడుమనున్న మెట్లు తెలియవు. ఏ మాట ఏ మెట్టుదో తెలియనివాడు పెద్దవారి యెదుట పెద్ద తిట్టును చిన్న తిట్టువలె విసరును. దీనికి తోడు పరభాషలో తిట్టు తేలికగా నుండును. జాన్ మార్క్ దెవేల్ అను భాషాశాస్త్రజ్ఞుడు పెక్కు భాషలు వచ్చినవారిని ప్రశ్నించి 2004లో ప్రకటించిన వ్యాసమున, తిట్టునకు మాతృభాషలోనే బలమెక్కువ యని వారిలో అధికులు తలతురని తేల్చెను. గురజాడవారి గిరీశము ‘డామిట్’ అనుట తెలుగు చదువరికి ఎన్నడును బూతుగా తోచలేదు. ఆ మాట ఆంగ్లేయ గృహిణి చెవిని వేఱుగా పడియుండును. మా పిల్లలు తమిళ తిట్టును ఆటబొమ్మవలె ఎగురవేయుదురు. ఆ బొమ్మ తమిళ బాలునికి తగిలినపుడు రాయి యగును. వాడు తెలుగు తిట్టును విసరినపుడు మనవానికిని అట్లే. మైదానములో వచ్చు కొట్లాటలలో పెక్కింటికి కారణము ద్వేషము కాదు, బరువు తెలియకపోవుటయే.

కొందఱు ఉపాధ్యాయులు తిట్టిన పిల్లవానిని కొట్టుదురు; తాము మాత్రము ‘వెధవా’ యని కొట్టుదురు. 2009 నాటి నిర్బంధవిద్యా చట్టము 17వ సెక్షను కొట్టుటతోపాటు మానసికముగ హింసించుటను కూడ నిషేధించినది. దెబ్బకు భయపడి పిల్లవాడు నా యెదుట తిట్టకుండును. గోడ మలుపు తిరుగగానే తిట్టును. ‘తిట్టే నోరు, తిరిగే కాలు ఊరకుండవు’ అనిరి గదా. నొప్పిచే తిట్టు నోటికి వచ్చుట సహజమనియు, అది నొప్పినోర్చుటకు కొంత తోడ్పడుననియు ఇంగ్లండులోని కీల్ విశ్వవిద్యాలయమున రిచర్డ్ స్టీఫెన్స్ మున్నగువారు 2009లో పరీక్షించి చూచిరి. మంచునీటిలో చేయి పెట్టినవారు తిట్టుచున్నపుడు ఎక్కువసేపు ఓర్చుకొనిరి. కావున కాలికి రాయి తగిలి పిల్లవాడు అన్న మాటను నేను లెక్కపెట్టను. తోటిపిల్లవాని తల్లిని, కులమును, కాలిని, కంటిని గూర్చి అన్నమాటను మాత్రము విడువను. ఆ మాటను బల్లపై వ్రాయక, దాని చరిత్ర చెప్పుదును. వెధవ, కమ్మనాట్టి, బోళి, రాండ అనువాని నడుమ చుట్టఱికమును వివరించిన దినమున తరగతి నిశ్శబ్దముగ నుండును.

మఱి కోపము వచ్చిన తెలుగువాడు ఏమనవలెను? మన భాషలో ఇందుకు లోటు లేదు. శుంఠ, మొద్దు, బడుద్ధాయి, అక్కుపక్షి – వీనివలన ఏ వితంతువునకును, ఏ కులమునకును నొప్పి లేదు. అంతకంటె గొప్ప సంపద మన క్రియలలో కలదు. తెలుగున నామవాచకమక్కఱలేకయే తిట్టవచ్చును. ‘వచ్చినాడు’ అనుటకు ‘తగలడినాడు’. ‘తిను’ అనుటకు ‘మెక్కు’, ‘మింగు’. ‘చూచుచున్నావు’ అనుటకు ‘గుడ్లు మిటకరించుచున్నావు’. ‘చేయుచున్నావు’ అనుటకు ‘అఘోరించుచున్నావు’, ‘వెలగబెట్టుచున్నావు’. మర్యాదతో ‘మీరు’ అనుచునే ‘ఏమి వెలగబెట్టుచున్నారు?’ అని అడుగవచ్చును. ఈ మాటలు వ్యాకరణగ్రంథములలో చేరలేదు, వాచకములలో అసలే లేవు. అవ్వల నోళ్లలో కలవు. అవి అవ్వలతోనే పోవుచున్నవి.

గత సంవత్సరము ఎనిమిదవ తరగతి పిల్లలకు సెలవులలో ఒక పని పెట్టితిని: ఇంటి పెద్దలనడిగి, ఎవరి పుట్టుకను, శరీరమును తాకని చీవాట్లను వ్రాసికొని రావలెనని. తెలుగక్షరములు చక్కగా రానివారు తమిళలిపిలో వ్రాసికొని వచ్చిరి. ఒక అవ్వ తన మనుమరాలికి వరుసగా చెప్పుచు పోగా పిల్ల చేయి నొప్పి పెట్టి నిలిపివేసినదట. ‘రెండు మాటలు వ్రాయుటకే అలసితివా, ఊడబొడిచినావులే!’ అని అవ్వ అనినదట. పిల్ల దానిని కూడ వ్రాసికొని వచ్చినది. బరంపురము, షోలాపురము, బళ్లారి, యానాము ప్రాంతముల పాఠకులు తమ యిండ్లలోని ఇట్టి మాటలను, అవి ఎవరు ఎవరిని అందురో కూడ గుర్తించి, ఈ సంచికను వెలువరించు సంఘమునకు పంపినచో మా పిల్లల పట్టికలో చేర్చుకొందుము.